ఉద్దానం: నీరొచ్చింది.. నిజం తేలేదెన్నడు?

కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఏడాది పొడవునా పచ్చగా కనిపించే ఉద్దానం సీమకు ఉద్యానవనం అన్న మాట నుంచే ఆ పేరు వచ్చిందని చెబుతారు. శ్రీకాకుళం జిల్లాలోని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో విస్తరించిన ఈ తీర ప్రాంతం పాతికేళ్లుగా మరో కారణంతో వార్తలకెక్కుతోంది. మధుమేహం లేదు. చెప్పుకోదగ్గ రక్తపోటు లేదు. మూత్రంలో రాళ్లు లేవు. అయినా పొలం పనులు చేసుకొని బతికే నడివయసు వారి మూత్రపిండాలు చడీచప్పుడు లేకుండా కుంచించుకుపోతున్నాయి. వైద్యశాస్త్రం ఈ జబ్బుకు పెట్టుకున్న పేరులోనే తన అశక్తతను అంగీకరించింది: కారణం తెలియని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి.

ఈ సీమకు రెండు వరాలు ఒకే రోజున దక్కాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, దానికి అనుబంధంగా మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి తరలించి, శుద్ధి చేసి, ఏడు మండలాల పల్లెలకు గొట్టాల ద్వారా అందించే భారీ తాగునీటి పథకానికీ అదే రోజున శ్రీకారం చుట్టారు. ఈ పథకానికి సుమారు రూ.700 కోట్లు వెచ్చించారు. ప్రజల గొంతు తడపడానికి పెట్టిన ఈ ఖర్చును ఆక్షేపించేవారు ఎవరూ ఉండరు. అయితే నీరే దోషి అన్నది ఈనాటికీ శాస్త్రీయంగా రుజువు కాలేదు. కారణం తేలకముందే చికిత్స మొదలైన అరుదైన సందర్భమిది. ఈ చికిత్స ఫలించిందా లేదా అన్నది తెలుసుకునే ఏర్పాటు ఏ మేరకు ఉందన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న.

అంకెలు చెప్పిందేమిటి?

1990ల చివరలో, 2000 తొలి సంవత్సరాల్లో ఈ విపత్తును ముందుగా పసిగట్టింది స్థానిక వైద్యులే. ఒకే ఊరి నుంచి, ఒకే ఇంటి నుంచి అన్నదమ్ములు, తండ్రీకొడుకులు వరుసగా మూత్రపిండాలు పాడై రావడం వారిని కలవరపెట్టింది. ఆ తరువాత హైదరాబాద్ నిమ్స్ నుంచీ, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాల నుంచీ నిపుణులు వచ్చి చూశారు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీటిని పరీక్షించారు. వైద్య శిబిరాలు ఎన్నో జరిగాయి. కానీ శిబిరానికి వచ్చేవారిలో ఇప్పటికే నలతగా ఉన్నవారే ఎక్కువగా ఉంటారు గనుక, ఆ లెక్కలతో ఊరి ఆరోగ్యాన్ని అంచనా కట్టడం పొరపాటు అవుతుంది. శాస్త్రీయ పద్ధతిలో ఇళ్లను ఎంచుకొని, ఆరోగ్యవంతులనూ రోగులనూ కలిపి పరీక్షించినప్పుడే అసలు చిత్రం బయటపడుతుంది.

అటువంటి రెండు అధ్యయనాలు 2019, 2020 సంవత్సరాల్లో అంతర్జాతీయ వైద్య పత్రికలో వెలువడ్డాయి. మూత్రపిండ వ్యాధి నిపుణులు డాక్టర్ టి.రవిరాజు బృందం చేసిన మొదటి అధ్యయనం రెండు వేల మందికి పైగా పెద్దలను పరీక్షించి, నూటికి 18 మందిలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి లక్షణాలను గుర్తించింది. వారిలో దాదాపు మూడొంతుల మందికి మధుమేహం వంటి తెలిసిన కారణం ఏదీ కనిపించలేదు. డాక్టర్ వివేకానంద ఝా నేతృత్వంలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ జరిపిన రెండో అధ్యయనంలో సుమారు ఐదోవంతు మంది వ్యాధిగ్రస్తులుగా తేలారు. వేర్వేరు బృందాలు, వేర్వేరు పల్లెలు అయినా ఫలితాలు చేరువగానే ఉన్నాయి. పత్రికల్లో తరచూ కనిపించే వేల సంఖ్యలోని మరణాల లెక్కలకన్నా ఈ రెండు అంకెలే నమ్మదగినవి. ఎందుకంటే ఉద్దానంలో ఎవరు ఏ వ్యాధితో మరణించారో విశ్వసనీయంగా నమోదు చేసే వ్యవస్థ చిరకాలం లేనే లేదు. ఇంటివద్ద కన్నుమూసిన వ్యక్తి మరణ కారణం పంచాయతీ రికార్డులో ఎలా ఎక్కుతుందో పల్లెవాసులకు వివరించనక్కర్లేదు.

పరీక్షే ఆలస్యం

ఈ వ్యాధిలో అన్నింటికన్నా క్రూరమైన అంశం రోగ నిర్ధారణే. ఒక్కో మూత్రపిండంలో దాదాపు పది లక్షల సూక్ష్మ వడపోత యూనిట్లు ఉంటాయి. వాటిలో కొన్ని చనిపోతే మిగిలినవి అదనపు భారాన్ని మోస్తాయి. మనిషికి నొప్పి ఉండదు, వాపు ఉండదు, మూత్రం ఆగదు. పొలానికి వెళ్లి వస్తూనే ఉంటాడు. ఆయాసం, వాంతులు, ఆకలి మందగించడం వంటి బాధలు కనిపించేసరికి వడపోత శక్తిలో అధిక భాగం హరించుకుపోయి ఉంటుంది.

పల్లెల్లో అందుబాటులో ఉన్న రక్తపరీక్ష క్రియాటినిన్ ఒక్కటే. ఉద్దానంలో ఈ మాట తెలియని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. 'నాకు రెండుంది, మా అన్నకు ఆరుంది' అని మాట్లాడుకునే స్థితి వచ్చింది. క్రియాటినిన్ అనేది కండరాల నుంచి నిత్యం రక్తంలోకి చేరే వ్యర్థ పదార్థం. మూత్రపిండాలు దానిని సక్రమంగా వడకడితే రక్తంలో అది సుమారు 0.6 నుంచి 1.2 మిల్లీగ్రాముల మధ్య నిలుస్తుంది. చిక్కేమిటంటే, వడపోత శక్తి సగానికి పడిపోయే వరకూ ఈ అంకె పెద్దగా కదలదు. ఆ తరువాత మాత్రం గబగబా ఎగబాకుతుంది. అంటే రోగికి మొదటిసారి చెడు కబురు చెప్పేది ఈ పరీక్షే అయినా, అప్పటికే ఆ కబురు పాతబడి ఉంటుంది.

రెండో చిక్కు మరింత లోతైనది. కండ తక్కువగా ఉన్న మనిషిలో క్రియాటినిన్ ఉత్పత్తే తక్కువ. మాంసాహారం అరుదుగా తినే, బక్కపలచని కూలీ రక్తంలో 1.1 అని వచ్చిన అంకె, కండలు తిరిగిన మనిషి రక్తంలోని 1.1తో సమానం కాదు. మొదటి వ్యక్తికి అది ప్రమాద సూచిక కావచ్చు. అదే అంకె రెండో వ్యక్తిలో ఆరోగ్యానికి గుర్తు కావచ్చు. క్రియాటినిన్ నుంచి వడపోత వేగాన్ని లెక్కగట్టే సూత్రాలన్నీ ప్రధానంగా అమెరికా, ఐరోపా ప్రజల కొలతల ఆధారంగా రూపొందినవే. వాటిని మన దేశంలో యథాతథంగా వాడితే ఉన్నదానికన్నా ఎక్కువ సామర్థ్యం ఉన్నట్లు చూపుతాయని భారతీయ పరిశోధకులే తేల్చారు. పైగా, మూత్రపిండం దానం చేయడానికి ముందుకొచ్చిన ఆరోగ్యవంతులైన భారతీయుల్లో సైతం వడపోత వేగం పాశ్చాత్య ప్రమాణం కన్నా తక్కువగా ఉన్నట్లు నేరుగా చేసిన కొలతల్లో వెల్లడైంది. కాబట్టి ఒకే గీత గీసి, ఇటున్నవారంతా రోగులనీ అటున్నవారంతా ఆరోగ్యవంతులనీ విడదీయడం ఈ నేలపై కుదరని పని. జబ్బున్నవారు తప్పించుకోనూ వచ్చు, లేనివారు భయంతో కుమిలిపోనూ వచ్చు. వడపోత వేగం 60 కన్నా తక్కువగా ఉన్న స్థితి కనీసం మూడు నెలలు కొనసాగితేనే దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణించాలన్న నియమం అందుకే ఉంది. ఒక్క రోజు శిబిరంలో ఒక్క సిరంజి రక్తంతో తీర్పు చెప్పడం శాస్త్రం కాదు.

ఇక మూత్రపరీక్ష. మధుమేహం వల్ల మూత్రపిండం దెబ్బతిన్నప్పుడు మూత్రంలో ప్రోటీను జారుతుంది. పట్టీ ముంచి చూస్తే రంగు మారుతుంది. ఉద్దానం తరహా వ్యాధిలో దెబ్బ తినేది ప్రధానంగా జల్లెడ కాదు, దాని దిగువనున్న సన్నని నాళికలూ వాటి చుట్టూ ఉన్న కణజాలమూ. అందుచేత ప్రోటీను పోవడం స్వల్పంగానే ఉంటుంది. చవకైన పట్టీ పరీక్ష 'అంతా బాగానే ఉంది' అని చెప్పి పంపే ప్రమాదం ఉంది. నాళికలకు గాయమైనప్పుడు మూత్రంలోకి వచ్చే కిమ్-1 వంటి ప్రోటీన్లను కొలిస్తే ముందే పసిగట్టవచ్చన్నది పరిశోధకుల ఆశ. ఈ ప్రోటీనును వెలుగులోకి తెచ్చింది హార్వర్డ్ విశ్వవిద్యాలయ నిపుణుడు డాక్టర్ జోసెఫ్ బాన్‌వెంటర్ ప్రయోగశాల. ఉద్దానం సమస్యపై 2017లో విశాఖపట్నం వచ్చి చర్చించిన విదేశీ బృందానికి నాయకత్వం వహించింది కూడా ఆయనే. ఆ పరీక్ష ఇంకా పరిశోధనశాల గడప దాటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా రాలేదు.

పింఛను విధానాన్ని ఈ వెలుగులో చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 2019లో రక్తశుద్ధి చేయించుకుంటున్నవారికి నెలకు రూ.10 వేలు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఆ దశకు చేరనివారికి సాయం అందాలంటే క్రియాటినిన్ 5 దాటాలన్న నిబంధన పెట్టారు. అయిదు దాటిందంటే మూత్రపిండాల పని దాదాపు ముగిసినట్లే. రెండు లేదా మూడు దగ్గర ఉన్న మనిషికి సరైన ఆహారం, విశ్రాంతి, నొప్పి మాత్రల నుంచి దూరం, రక్తపోటు అదుపు ఉంటే కొన్నేళ్లు నిలదొక్కుకునే అవకాశం ఉంది. ఆ మనిషికి మాత్రం ఎండలో కూలికి వెళ్లక తప్పని పరిస్థితి. ఎక్కువ మేలు జరిగే చోట సాయం లేదు. ఇది ఒక ప్రభుత్వానికి పరిమితమైన లోపం కాదు. కళ్లకు కనిపించే బాధకే ఖజానా తలుపు తెరుచుకోవడం మన పాలనకు మొదటి నుంచీ ఉన్న అలవాటు.

అనుమానితులు అనేకం

దోషి ఎవరన్న ప్రశ్నకు ఉద్దానంలో మొదట వినిపించే జవాబు నీరు. బావి నీటిలో సిలికా ఉందని, సీసం ఉందని, కాడ్మియం ఉందని వేర్వేరు కాలాల్లో వేర్వేరు వాదాలు వచ్చాయి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రవేత్తలు ఉద్దానంతో పాటు ప్రకాశం జిల్లా చీమకుర్తి ప్రాంతపు నీటినీ పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. సూక్ష్మ మోతాదులో ఉండే లోహాలు భారత ప్రమాణాలకు లోబడే ఉన్నాయన్నది వారి నిర్ధారణల్లో ఒకటి. దీనితో నీరు నిర్దోషి అని తేలిపోయిందనుకోవడానికీ వీల్లేదు. మూత్రపిండం చెడిపోవడానికి ఏళ్లు పడుతుంది. ఈనాడు బావిలో తోడిన నీరు ఇరవై ఏళ్ల క్రితం తాగిన నీటికి సాక్ష్యం చెప్పలేదు. ఒక్కో పదార్థం విడివిడిగా పరిమితిలోనే ఉన్నా, నాలుగైదు కలిసినప్పుడు, దానికి ఎండ తోడైనప్పుడు ఏమవుతుందో ప్రమాణాల పట్టిక చెప్పదు.

రెండో అనుమానం పురుగుమందులపై. జీడిమామిడి తోటల్లో ఎండోసల్ఫాన్ చల్లి కేరళలోని కాసరగోడ్ ఎంత మూల్యం చెల్లించిందో దేశమంతా చూసింది. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును నిషేధించింది. అక్కడి జబ్బులు వేరు, ఇక్కడి జబ్బు వేరు. అయినా తోటల సీమలో ఈ కోణాన్ని తోసిపుచ్చడం తెలివైన పని కాదు. మూడోది నొప్పి మాత్రలు. రోజంతా వంగి పనిచేసి నడుము పట్టేసిన కూలీకి మందుల దుకాణంలో చీటీ అక్కర్లేకుండానే దొరికే మాత్ర, లేదా ఊరి వైద్యుడు వేసే సూది తప్ప మరో దిక్కు లేదు. ఒంట్లో నీరు తగ్గి ఉన్న వేళ ఈ మందులు మూత్రపిండాలకు రక్త ప్రసరణను తగ్గిస్తాయన్నది వైద్యశాస్త్రంలో నిర్వివాదమైన విషయం. జన్యుపరమైన బలహీనత నాలుగో అనుమానం. ఒకే కుటుంబంలో పలువురికి రావడం దీనికి ఊతమిస్తున్నా, ఒకే ఇంటివారు ఒకే బావి నీరు తాగి, ఒకే తోటలో పనిచేస్తారన్నది మరువరాదు.

ఇక ఎండ. దీనిపై ప్రపంచం దృష్టి మళ్లింది మధ్య అమెరికా దేశాల మూలంగా. ఎల్‌సాల్వడార్‌లో 2002లో వైద్యులు వెలుగులోకి తెచ్చిన ఇదే తరహా వ్యాధి, నికరాగువా చెరకు తోటల్లో వేలాది యువ కార్మికులను బలిగొంది. మండుటెండలో గంటల తరబడి చెరకు నరికే మనుషుల్లో ఒక పంట కాలం ముగిసేలోపే మూత్రపిండాల పనితీరు తగ్గిపోతున్నట్లు కొలతల్లో తేలింది. అక్కడ పరిశోధకులు దోషి పూర్తిగా దొరికేదాకా ఆగలేదు. నీరు, నీడ, విశ్రాంతి అనే మూడింటినీ పని నిబంధనల్లో చేర్చారు. గంటల లెక్కన విరామాలు పెంచారు. కార్మికుల్లో మూత్రపిండాల గాయాలు తగ్గినట్లు ఆ తరువాతి కొలతలు చూపాయి. ఉద్దానంలో చెరకు లేదు. ఎండ స్వభావమూ వేరు. ఇక్కడిది ఉప్పగాలి కలిసిన ఉక్కపోత. చెమట పడుతుంది కానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. వ్యాధి ఇక్కడ ఆడవారినీ విడిచిపెట్టలేదన్నది మధ్య అమెరికా అనుభవానికి పూర్తిగా పొసగని అంశం. వేడి ఒక్కటే కారణమైతే వేడిగా ఉన్న రాయలసీమలో, తెలంగాణ పల్లెల్లో ఇంతకు ఇంత కనిపించాలి కదా అన్న ప్రశ్నకూ జవాబు లేదు. అయినా పని గంటలను పొద్దున్నే మొదలుపెట్టి మిట్టమధ్యాహ్నానికి ముందే ముగించడానికి, పనిచోట తాగునీరు ఉంచడానికి రూ.700 కోట్లు అవసరం లేదు. ఇంత చవకైన మార్గంపై జిల్లాలో తగినంత చర్చే జరగకపోవడం వింత.

పొరుగు అనుభవాలు

తొందరపడి దోషిని నిర్ణయిస్తే ఏమవుతుందో శ్రీలంక చూపింది. అనురాధపుర, పొలొన్నరువ జిల్లాల వరి రైతుల్లో 1990ల నుంచి ఉద్దానం వంటి వ్యాధే ప్రబలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో జరిగిన పరిశోధన 2013లో కాడ్మియం వైపు వేలు చూపింది. ఆ నిర్ధారణను ఆ తరువాతి పరిశోధకులు పలువురు బలపరచలేకపోయారు. అంతలో కలుపుమందు గ్లైఫోసేట్‌పై అనుమానం రేగింది. 2015లో దేశవ్యాప్తంగా దానిని నిషేధించారు. తేయాకు, రబ్బరు తోటల వారి ఒత్తిడితో 2018లో ఆ రెండు పంటలకు నిషేధం సడలింది. వ్యాధికీ కలుపుమందుకూ ఉన్న సంబంధం తేలకుండానే నిషేధం వచ్చింది, తేలకుండానే సడలింది.

సహనంతో తవ్వితే సత్యం దొరుకుతుందనడానికి బాల్కన్ దేశాల కథ ఉంది. డాన్యూబ్ నది పరీవాహక గ్రామాల్లో 1950ల్లో గుర్తించిన మూత్రపిండ వ్యాధికి నీరు, సీసం, వైరస్, బూజు అంటూ అయిదు దశాబ్దాల పాటు అనేక కారణాలు ఊహించారు. 1990ల తొలినాళ్లలో బెల్జియంలో బరువు తగ్గడానికి మూలికలు వాడిన స్త్రీలకు అచ్చంగా ఇదే తరహా దెబ్బ తగలడంతో దారి దొరికింది. గోధుమ చేలల్లో కలుపుగా మొలిచే అరిస్టొలోకియా జాతి మొక్క విత్తనాలు ధాన్యంతో కలిసి పిండిలోకి చేరుతున్నాయనీ, వాటిలోని ఆమ్లమే విషమనీ 2007లో అమెరికా శాస్త్రవేత్త ఆర్థర్ గ్రోల్‌మన్ బృందం రోగుల కణాల్లోని జన్యు పదార్థంపై ఆ విషం విడిచిన ముద్ర ఆధారంగా రుజువు చేసింది. దశాబ్దాల పాటు నీటినీ మట్టినీ గాలించిన చోట, విషం రొట్టెలో ఉంది. (ఇదే జాతికి చెందిన ఈశ్వరి మొక్క వేరును మన పల్లెల్లో నాటుమందుగా వాడే ఆచారం ఉంది. ఉద్దానం వ్యాధికి అదే కారణమని చెప్పడానికి ఆధారం లేదు. కానీ రోగుల వాంగ్మూలం తీసుకునేటప్పుడు నాటుమందుల ప్రశ్న వేయకుండా వదిలేయడం తగదు.)

మన తెలుగు నేలపైనే మరో ఉదాహరణ ఉంది, అది దీనికి తలకిందులు. నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో, నేడు ప్రకాశం జిల్లాలో ఉన్న గ్రామాల్లో, ఫ్లోరోసిస్ ఉనికిని వైద్యులు 1937లోనే గుర్తించారు. నల్గొండ గోడు ఆ తరువాత లోకానికి తెలిసింది. కారణం నీటిలోని ఫ్లోరైడే అని అందరికీ తెలుసు. అయినా శుద్ధమైన నది నీరు ఇంటింటికీ చేరేందుకు తరాలు గడిచాయి. అక్కడ కారణం తెలిసీ నీరు రాలేదు. ఇక్కడ కారణం తెలియకుండానే నీరొచ్చింది.

అనుకోని ప్రయోగం

ఈ తేడాలోనే ఉద్దానానికి ఒక అరుదైన అవకాశం దాగి ఉంది. లక్షలాది మంది ఒకే కాలంలో బావి నీటిని వదిలి నది నీటికి మారడం ఏ శాస్త్రవేత్తా తలపెట్టలేనంత పెద్ద ప్రయోగం. బావి నీరే వ్యాధికి మూలమైతే, ఇప్పుడు బాల్యంలో ఉన్నవారు నడివయసుకు వచ్చేసరికి కొత్త కేసులు గణనీయంగా తగ్గాలి. తగ్గకపోతే అన్వేషణ ఎండవైపు, మందులవైపు, ఆహారంవైపు మళ్లాలి. ఏ ఫలితం వచ్చినా అది శ్రీలంకకూ, నికరాగువాకూ, ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాలకూ, ఛత్తీస్‌గఢ్‌లోని సుపేబెడా గ్రామానికీ పనికొచ్చే సమాచారమే. ఆ ఊళ్లన్నీ ఇదే తరహా బాధతో ఎదురుచూస్తున్నాయి.

ప్రయోగం ఫలితమివ్వాలంటే లెక్క ఉండాలి. ఏ పల్లెకు ఏ తేదీన కొత్త నీరు చేరింది, ఏ ఇంట్లో దానిని నిజంగా తాగుతున్నారు, ఎవరు నేటికీ బావి నీటినే వాడుతున్నారు, ఎవరు క్యాను నీరు కొంటున్నారు అన్నది నమోదు కావాలి. కుళాయి బిగించినంత మాత్రాన ఆ నీరే గొంతు దిగుతోందని అనుకోరాదు. రుచి మారిందని పాత బావికే వెళ్లేవారు ఏ ఊళ్లోనైనా ఉంటారు. తరువాత, ఇంకా జబ్బు లేని పాతికేళ్ల యువతీయువకులను ఎంపిక చేసి, ఏటా ఒకే ప్రయోగశాలలో, ఒకే పద్ధతిలో పరీక్షిస్తూ పదేళ్ల పాటు అనుసరించాలి. ఇప్పటివరకు జరిగిన సర్వేలు చాలావరకు ఒక రోజున తీసిన ఫొటోల వంటివి. ఎవరికి జబ్బుందో అవి చెప్పగలవు. ముందు ఏమి జరిగి, తరువాత ఏమి జరిగిందో చెప్పలేవు. 2019, 2020 అధ్యయనాల్లో పరీక్షించిన పల్లెల వివరాలు నీరు రాకముందు నాటి పరిస్థితికి సాక్ష్యంగా ఉపయోగపడతాయి. వాటికి కొనసాగింపు లేకపోతే ఆ శ్రమంతా గ్రంథాలయానికే పరిమితమవుతుంది. రక్త, మూత్ర నమూనాలను అతిశీతల పేటికల్లో భద్రపరిస్తే, రేపు కొత్త పరీక్ష వచ్చినప్పుడు నేటి రక్తాన్ని ప్రశ్నించవచ్చు. బాల్కన్ చిక్కుముడి విడిపోయింది రోగుల కణజాలం అందుబాటులో ఉన్నందువల్లనే.

ఇందుకు ప్రజల సహకారం కావాలి. అది అడిగినంత సులువుగా దొరకదు. పాతికేళ్లుగా రక్తం ఇచ్చి ఇచ్చి విసిగిన జనం వారు. బృందాలు వచ్చాయి, నమూనాలు తీసుకున్నాయి, వెళ్లాయి. ఫలితమేమిటో చెప్పడానికి తిరిగి వచ్చినవారు తక్కువ. ఉద్దానం పేరు చెబితే పెళ్లి సంబంధాలు కుదరడం లేదన్న ఆవేదన ఏళ్లుగా వినిపిస్తోంది. అటువంటి చోట ఇరవై రెండేళ్ల యువతి పరీక్షకు రావడానికి జంకితే తప్పుపట్టలేం. నివేదికలో ఊరి పేరు రాసేటప్పుడు ఆ పేరుతో బతకాల్సినవారు ఉన్నారన్న ఎరుక పరిశోధకులకు ఉండాలి. ప్రతి నమూనాకూ ఫలితం రహస్యంగా, రాతపూర్వకంగా, తెలుగులో ఆ వ్యక్తి చేతికి అందాలి. ఇదేమీ దయాదాక్షిణ్యం కాదు. రక్తమిచ్చిన మనిషి హక్కు.

చికిత్స పరంగా పరిస్థితి కొంత మెరుగుపడిన మాట వాస్తవం. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు తొలి విడతలో చేర్చిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అయినా రక్తశుద్ధి కోసం శ్రీకాకుళమో, 200 కిలోమీటర్లకు పైగా ఉన్న విశాఖపట్నమో వెళ్లాల్సిన రోజులు చాలాకాలం నడిచాయి. వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు, తోడుగా మరొకరు. రెండు కూలీలు పోయేవి. 2017 తరువాత సోంపేట, పలాస వంటి చోట్ల కేంద్రాలు రావడంతో ఆ ప్రయాణ భారం తగ్గింది. ఇది మేలే. కానీ రక్తశుద్ధి యంత్రాల సంఖ్య పెరగడాన్ని ప్రగతికి గుర్తుగా చూపే ధోరణి ఆందోళనకరం. యంత్రం దాకా వచ్చిన ప్రతి రోగీ పదేళ్ల ముందు ఎవరూ గుర్తించకుండా వదిలేసిన మనిషే.

పలాసలోని సంస్థ పేరులో ఆసుపత్రీ ఉంది, పరిశోధన కేంద్రమూ ఉంది. మొదటిదానికి జనం రోజూ వచ్చి తలుపు తడతారు, పడకలు నిండుతాయి, మందులు లేకపోతే ధర్నాలు జరుగుతాయి. రెండోదాని తలుపు తట్టేవారు ఉండరు. నిపుణుల కొరత వస్తే ముందుగా ఖాళీ అయ్యేది అక్కడి కుర్చీలే, నిధులు తగ్గితే ముందుగా ఆగేది అక్కడి పనే. ఏటా ఎన్ని కొత్త కేసులు నమోదయ్యాయి, అవి ఏ మండలంలో, ఏ వయసువారిలో, కొత్త నీరు ఎన్నాళ్లుగా తాగుతున్న పల్లెల్లో అన్న వివరాలతో ఒక పేజీ పట్టికను ఆ కేంద్రం ప్రతి సంవత్సరం బహిరంగంగా ప్రకటించగలిగితే చాలు. హిరమండలం నీటికి పెట్టిన ఖర్చుతో పోలిస్తే ఆ పట్టికకు అయ్యేది లెక్కలోకి రాదు. వంశధార నీరు ఉద్దానం గొంతు దిగడం మొదలై ఇప్పటికే కొంత కాలం గడిచింది. నీరు చేరకముందు నాటి వివరాలు, ముఖ్యంగా ఏ ఇంటివారు ఏ బావి నీరు తాగేవారన్న సంగతి, పెద్దల జ్ఞాపకాల్లో ఇంకా చెరిగిపోలేదు. వాటిని రాసుకోవాల్సింది ఈ రెండు మూడేళ్లలోనే.